ఎన్8ఎన్ వర్క్‌ఫ్లోకి వెబ్ స్క్రేపింగ్ జోడించడం ఎలా?

రోజూ అదే వెబ్‌సైట్ తెరిచి, అదే పట్టిక చూసి, మారిన ధరను షీట్‌లో ఎక్కించే పని మీకుంటే దాన్ని ఎన్8ఎన్‌కి అప్పగించేయొచ్చు. 2019లో బెర్లిన్‌లో మొదలైన ఈ ఆటోమేషన్ టూల్‌ని మీ సొంత కంప్యూటర్ మీదో, అద్దెకు తీసుకున్న సర్వర్ మీదో పెట్టుకుని, మీ సంస్థ లోపలి పనులకు డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. కోడ్ రాయడం రాకపోయినా ఇబ్బంది లేదు. బ్రౌజర్‌లో రైట్ క్లిక్ చేసి పేజీ లోపల ఏముందో చూసే ఓపిక ఉంటే సరిపోతుంది.

పేజీ నుంచి డేటా లాగడం (దీన్నే వెబ్ స్క్రేపింగ్ అంటారు) ఒక పూట పని. అసలు చిక్కు తర్వాత వస్తుంది. సైట్ వాళ్లు డిజైన్ మార్చిన రోజున మీ వర్క్‌ఫ్లోకి (ఎన్8ఎన్‌లో మీరు పేర్చుకున్న పనుల గొలుసుకి) ఏమీ దొరకదు, అయినా ‘సక్సెస్’ అని పచ్చ గుర్తు చూపిస్తుంది. ఎవరో షీట్ తెరిచి ‘వారం నుంచి ధరలు లేవేంటి?’ అని అడిగేదాకా ఎవరికీ తెలియదు. అందుకే ఈ గైడ్‌లో డేటా ఎలా తేవాలన్నదానితో సమానంగా, రానప్పుడు మీకు ఎలా తెలియాలన్నదీ చెబుతున్నాను. ఆ భాగాన్ని మాత్రం దాటేయకండి.

సాధన కోసం బుక్స్ డాట్ టుస్క్రేప్ డాట్ కామ్ అనే సైట్ తీసుకుందాం. స్క్రేపింగ్ నేర్చుకునేవాళ్ల కోసమే కట్టిన ఉత్తుత్తి పుస్తకాల షాపు అది. పేజీకి 20 చొప్పున 50 పేజీల్లో 1000 పుస్తకాలుంటాయి. ధరలు, రేటింగులు కల్పితం. మొహమాటం లేకుండా ఎన్నిసార్లయినా ప్రయత్నించొచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది: స్క్రేపింగ్ అవసరమేనా?

చాలాసార్లు అవసరం ఉండదు. గుంటూరు మిర్చి ధరో, మదనపల్లె టమాటా ధరో రోజూ కావాలనుకోండి. కేంద్ర ప్రభుత్వ డేటా డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు ఏపీఐ రూపంలోనే, అంటే ప్రోగ్రాములు నేరుగా డేటా అడిగి తీసుకునే దారిలోనే దొరుకుతాయి. రిజిస్టర్ చేసుకుని కీ తీసుకుంటే చాలు. వార్తలు, నోటిఫికేషన్లు కావాలంటే ఆ సైట్‌కి ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (కొత్త పోస్టుల జాబితాను యంత్రాలు చదివేలా ఇచ్చే ఫైల్) ఉందేమో చూడండి. వర్డ్‌ప్రెస్ మీద నడిచే సైట్లలో చిరునామా చివర ‘ఫీడ్’ అని చేర్చి చూస్తే తరచూ దొరుకుతుంది. దాన్ని చదవడానికి ఎన్8ఎన్‌లో విడిగా నోడ్ (వర్క్‌ఫ్లోలో ఒక్కో పని చేసే మెట్టు) ఉంది. ఏపీఐ, ఫీడ్ రెండూ లేవని తేలాకే స్క్రేపింగ్ జోలికి వెళ్లండి. ఏపీఐ అయితే సైట్ రంగులు, డిజైన్ మారినా మీ పని ఆగదు.

తర్వాత సైట్ చిరునామా చివర స్లాష్ పెట్టి ‘రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ’ తెరవండి. యంత్రాలు ఏ పేజీల జోలికి రాకూడదో సైట్ వాళ్లు అక్కడ రాసి ఉంచుతారు. 1994 నుంచి ఆనవాయితీగా వస్తున్న ఈ పద్ధతికి 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309 పేరుతో అధికారిక ప్రమాణం వచ్చింది. మీకు కావలసిన పేజీ అందులో ‘డిస్అలౌ’ కింద ఉంటే వదిలేయండి. సైట్ నియమ నిబంధనలు కూడా ఒకసారి చదవండి. మన ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ నుంచి డేటా కాపీ చేయడం గురించి మాట్లాడుతుంది. వ్యాపారం కోసం పెద్ద ఎత్తున చేస్తుంటే లాయర్‌ని అడగడం మంచిది. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు పోగేసే పనికి ఈ గైడ్ వాడొద్దు. లాగిన్ వెనక ఉన్నవాటి జోలికీ, క్యాప్చా అడ్డుపెట్టిన పేజీల జోలికీ వెళ్లొద్దు. క్యాప్చా పెట్టారంటే యంత్రాలు రావొద్దని చెప్పినట్టే.

1. ఎన్8ఎన్‌ని సిద్ధం చేసుకోండి

క్లౌడ్ ఖాతా తీసుకుంటే ఈ అడుగులో పెద్దగా పనిలేదు. సొంతంగా నడపాలంటే డాకర్ (ప్రోగ్రాములను కంటెయినర్ అనే విడి పెట్టెలో నడిపే సాఫ్ట్‌వేర్) తేలిక దారి. ఇన్‌స్టాల్ అయ్యాక బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, పోర్ట్ 5678 తెరిస్తే ఎన్8ఎన్ కనిపిస్తుంది. ఇక్కడే రెండు విషయాలు సరిచూసుకోండి.

మొదటిది టైమ్‌జోన్. సొంతంగా నడిపే ఎన్8ఎన్ ఏమీ చెప్పకపోతే న్యూయార్క్ సమయం పాటిస్తుంది. ఉదయం 6 గంటలకు నడవాలని మీరు పెట్టిన పని, మన దగ్గర మధ్యాహ్నం మూడున్నరకో, అక్కడ చలికాలమైతే నాలుగున్నరకో నడుస్తుంది. డాకర్ సెట్టింగుల్లో జెనెరిక్ టైమ్‌జోన్ వేరియబుల్‌కి ‘ఏషియా/కోల్‌కతా’ ఇవ్వండి. వర్క్‌ఫ్లో సెట్టింగ్స్‌లో కూడా టైమ్‌జోన్ ఎంచుకోవచ్చు. అమెరికాలో ఉండి ఇక్కడి సైట్లను గమనించే మనవాళ్లకు ఈ రెండోది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఒక్కో వర్క్‌ఫ్లోకి ఒక్కో టైమ్‌జోన్ పెట్టుకోవచ్చు.

రెండోది వాల్యూమ్. డాకర్ కంటెయినర్‌కి విడిగా వాల్యూమ్ (డేటా నిలిచి ఉండే ఫోల్డర్) తగిలించకపోతే, కంటెయినర్ తీసేసిన రోజున వర్క్‌ఫ్లోలన్నీ పోతాయి. మీ పాస్‌వర్డులు, ఏపీఐ కీలను భద్రపరిచే ఎన్‌క్రిప్షన్ కీ కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది. డేటాబేస్ బ్యాకప్ ఉండి ఆ కీ లేకపోతే, దాచిన క్రెడెన్షియల్స్ ఏవీ తెరుచుకోవు. బ్యాకప్ తీసేటప్పుడు రెండూ తీయండి.

2. నోడ్ పెట్టే ముందు పేజీని చదవండి

సాధన సైట్ తెరిచి, ఒక పుస్తకం ధర మీద రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్పెక్ట్’ నొక్కండి. ధర ఒక ‘పీ’ ట్యాగ్‌లో (పేజీ కోడ్‌లో ఒక్కో భాగాన్ని చుట్టే గుర్తు) ఉంటుంది, దాని క్లాస్ పేరు ప్రైస్_కలర్. కాస్త పైకి చూస్తే ఒక్కో పుస్తకానికీ ఒక ‘ఆర్టికల్’ ట్యాగ్ కనిపిస్తుంది, దాని క్లాస్ ప్రొడక్ట్_పాడ్. బొమ్మ, పేరు, ధర, స్టాక్ ఉందా లేదా అన్నీ ఆ ఆర్టికల్ లోపలే. మనం పట్టుకోవాల్సింది ఈ పెద్ద డబ్బానే. ఇక నుంచి దీన్ని కార్డు అందాం.

పుస్తకం పేరు దగ్గర ఒక మెలిక ఉంది. పొడవైన పేర్లు తెర మీద మూడు చుక్కలతో ఆగిపోతాయి. కనిపించే అక్షరాలను తీసుకుంటే ఆ సగం పేరే వస్తుంది. పూర్తి పేరు అదే లింక్ ట్యాగ్ తాలూకు ‘టైటిల్’ అట్రిబ్యూట్‌లో (ట్యాగ్ లోపల రాసిన అదనపు వివరం) ఉంది. రేటింగ్ సంగతీ అంతే. చుక్కల అంకె ఎక్కడా రాసి ఉండదు, క్లాస్ పేరులో ‘త్రీ’, ‘ఫోర్’ అని దాక్కుని ఉంటుంది. కంటికి కనిపించేదానికీ పేజీలో ఉన్నదానికీ ఉన్న ఈ తేడా ముందే చూసుకుంటే తర్వాత చాలా పని తప్పుతుంది.

ఇప్పుడు కంట్రోల్, యు కలిపి నొక్కి పేజీ సోర్స్ తెరవండి. అందులో ఒక ధరను వెతకండి. దొరికితే మామూలు పద్ధతి చాలు. ఇన్‌స్పెక్ట్‌లో కనిపించి సోర్స్‌లో దొరకకపోతే, ఆ డేటాను జావాస్క్రిప్ట్ తర్వాత తెచ్చి నింపుతోందని అర్థం. దాని సంగతి చివర్లో చూద్దాం.

తెలుగు సైట్ల విషయంలో ఇంకో పరీక్ష చేయండి. సోర్స్‌లో తెలుగు అక్షరాలు తెలుగుగానే ఉన్నాయా? యూనికోడ్ రాకముందు నాటి ఫాంట్లతో తయారైన పాత పేజీల్లో, పీడీఎఫ్‌లలో తెర మీద తెలుగు కనిపించినా లోపల ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగం ఉంటుంది. స్క్రేప్ చేస్తే ఆ కలగాపులగమే చేతికొస్తుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ ఒకటి మధ్యలో పెట్టుకోకుండా ముందుకు పోయి లాభం లేదు.

3. పేజీలను తెచ్చుకోవడం

కొత్త వర్క్‌ఫ్లోలో ముందు మాన్యువల్ ట్రిగ్గర్ (చేత్తో నొక్కి వర్క్‌ఫ్లో మొదలుపెట్టే నోడ్) పెట్టండి. షెడ్యూల్ తర్వాత.

తెచ్చుకోవాల్సిన పేజీల చిరునామాలను వర్క్‌ఫ్లోలో ఇరికించకుండా బయట ఒక పట్టికలో ఉంచండి. గూగుల్ షీట్ కావచ్చు, ఎన్8ఎన్ కొత్త వెర్షన్లలో వచ్చిన డేటా టేబుల్ కావచ్చు. రేపు ఇంకో పేజీ చేర్చాలంటే వర్క్‌ఫ్లో ముట్టుకోకుండా ఒక వరుస చేర్చితే అయిపోతుంది, ఆ పని మీ ఆఫీసులో ఎవరైనా చేయగలరు. ఇప్పటికి మూడు వరుసలు చాలు: క్యాటలాగ్ ఫోల్డర్‌లోని పేజ్-1, పేజ్-2, పేజ్-3. హోమ్ పేజీ చిరునామా పెట్టకండి. హోమ్ పేజీలో పుస్తకాల లింకులు ‘క్యాటలాగ్’ అనే మాటతో మొదలవుతాయి, లోపలి పేజీల్లో ఆ మాట ఉండదు. రెండూ కలిపితే లింకులు అతికించేటప్పుడు సగం విరిగిపోతాయి. పేజ్-1 నుంచి మొదలుపెడితే అన్నీ ఒకే తీరుగా ఉంటాయి.

తర్వాత పేజీని అడిగి తెచ్చే హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్. మెథడ్ ‘గెట్’. యూఆర్ఎల్ గడిలోకి ఎడమ ప్యానెల్ నుంచి చిరునామా కాలమ్‌ని మౌస్‌తో లాగి వదలండి. ఎన్ని వరుసలుంటే అన్నిసార్లు ఈ నోడ్ దానంతటదే పేజీ తెస్తుంది. ఆప్షన్స్‌లో ఇవి పెట్టండి:

- బ్యాచింగ్: ఒక్కో బ్యాచ్‌కి 1, మధ్య విరామం 2000 మిల్లీసెకన్లు. విరామం లేకపోతే రిక్వెస్టులన్నీ ఒక్కసారిగా సైట్ మీద పడతాయి. చిన్న సర్వర్లు దానికే తట్టుకోలేవు.
- టైమౌట్: 30000 మిల్లీసెకన్లు.
- హెడర్లలో (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే వివరాల్లో) యూజర్ ఏజెంట్: మీ సంస్థ పేరు, సంప్రదించే ఈమెయిల్. సైట్ వాళ్లకు ఇబ్బంది కలిగితే నేరుగా మీకే రాస్తారు. లేకపోతే మీ ఐపీని బ్లాక్ చేసి ఊరుకుంటారు.

సెట్టింగ్స్ ట్యాబ్‌లో ‘రీట్రై ఆన్ ఫెయిల్’ ఆన్ చేయండి. ఇది తాత్కాలికంగా నెట్ పోయిన సందర్భాలకే పనికొస్తుంది, ఎందుకంటే గరిష్ఠంగా 5 ప్రయత్నాలు, మధ్యలో 5 సెకన్లే అనుమతిస్తుంది. సైట్ 429 అని జవాబిస్తే ‘మరీ ఎక్కువగా అడుగుతున్నారు, ఆగండి’ అని. ఎంతసేపు ఆగాలో ‘రీట్రై ఆఫ్టర్’ హెడర్‌లో చెప్పొచ్చు కూడా. దానికి 5 సెకన్ల రీట్రైలు కొడుతూ పోతే గొడవ పెరుగుతుంది. ‘ఆన్ ఎర్రర్’ దగ్గర ఎర్రర్ అవుట్‌పుట్ ఉన్న కంటిన్యూ ఎంచుకుని, ఆ దారిలో ఒక వెయిట్ నోడ్ పెట్టి, కాసేపాగి ఇంకొక్కసారి మాత్రమే ప్రయత్నించేలా కట్టండి. 403 (అనుమతి లేదు) వస్తే మాత్రం ప్రయత్నాలు మానేసి, రోబోట్స్ ఫైల్, నిబంధనలు మళ్లీ చదవండి.

నోడ్‌ని ఒకసారి నడిపాక, అవుట్‌పుట్ ప్యానెల్‌లో పిన్ గుర్తు నొక్కండి. పేజీలు అలాగే నిలిచిపోతాయి. ఇక మీరు తర్వాతి నోడ్లను ఎన్నిసార్లు పరీక్షించినా ఆ సైట్‌ని మళ్లీ తట్టాల్సిన పనిలేదు. షెడ్యూల్ మీద నడిచేటప్పుడు ఈ పిన్ చేసిన డేటా వాడుకలోకి రాదు కాబట్టి పాత ధరలు వస్తాయన్న టెన్షన్ వద్దు.

4. కార్డుకి కార్డు విడదీయడం

చాలామంది ఇక్కడ హెచ్‌టీఎమ్‌ఎల్ నోడ్ ఒకటే పెట్టి, పేర్లన్నీ ఒక జాబితాగా, ధరలన్నీ ఇంకో జాబితాగా తీస్తారు. మొదటి పేరుకి మొదటి ధర, రెండో పేరుకి రెండో ధర జత చేస్తారు. ఈ సాధన సైట్‌లో అది పనిచేస్తుంది. నిజమైన షాపులో ఏడో వస్తువుకి ధర బదులు ‘స్టాక్ లేదు’ అని ఉందనుకోండి. ధరల జాబితాలో ఒకటి తగ్గుతుంది. ఏడో వస్తువు నుంచి చివరిదాకా ప్రతిదానికీ పక్కదాని ధర అంటుకుంటుంది. ఎర్రర్ రాదు, ఖాళీ గడులు కూడా చివరి ఒక్కటే. చూసినవాళ్లెవరూ అనుమానించరు.

కాబట్టి రెండు విడతల్లో చేయండి.

మొదటి హెచ్‌టీఎమ్‌ఎల్ నోడ్‌లో ‘ఎక్స్‌ట్రాక్ట్ హెచ్‌టీఎమ్‌ఎల్ కంటెంట్’ ఎంచుకోండి. సోర్స్ జేసన్ (డేటాను పేర్లు, విలువలుగా రాసే తీరు), ప్రాపర్టీ ‘డేటా’. కీ పేరు కార్డ్స్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఇవ్వండి. సీఎస్ఎస్ సెలెక్టర్‌లో (పేజీలో ఏ భాగం కావాలో చెప్పే గడి) ట్యాగ్ పేరు, చుక్క, క్లాస్ పేరు ఖాళీ లేకుండా రాయాలి: ఆర్టికల్, చుక్క, ప్రొడక్ట్_పాడ్. రిటర్న్ వాల్యూ దగ్గర ‘హెచ్‌టీఎమ్‌ఎల్’ ఎంచుకుని, ‘రిటర్న్ అర్రే’ ఆన్ చేయండి. ఇది ఆన్ చేయకపోతే విడివిడి కార్డులు జాబితాగా రావు. నడిపి చూస్తే పేజీకి ఒక ఐటమ్, అందులో 20 కార్డులు కనిపించాలి.

తర్వాత జాబితాను విడివిడి ఐటమ్‌లుగా చేసే స్ప్లిట్ అవుట్ నోడ్. ఫీల్డ్ పేరు కార్డ్స్. ఇప్పుడు మూడు పేజీలకు 60 ఐటమ్‌లు వస్తాయి.

రెండో హెచ్‌టీఎమ్‌ఎల్ నోడ్‌లో ప్రాపర్టీ ‘కార్డ్స్’. ఇక్కడ అర్రే అక్కర్లేదు. మూడు విలువలు చాలు: పేరు కోసం హెచ్3 లోపలి లింక్ ట్యాగ్, రిటర్న్ వాల్యూ అట్రిబ్యూట్, అట్రిబ్యూట్ పేరు టైటిల్. లింక్ కోసం అదే సెలెక్టర్, అట్రిబ్యూట్ హెచ్‌రెఫ్. ధర కోసం ప్రైస్_కలర్ క్లాస్, రిటర్న్ వాల్యూ టెక్స్ట్. ఇక ఏ కార్డులో ధర లేకపోతే ఆ ఒక్క కార్డుకే ఖాళీ వస్తుంది, పక్కవాటి జోలికి పోదు.

సెలెక్టర్ కోసం బ్రౌజర్‌లో ‘కాపీ సెలెక్టర్’ నొక్కి వచ్చినదాన్ని అతికించకండి. అది పేజీ పై నుంచి కిందిదాకా ఎన్నో డబ్బా, ఎన్నో వరుస అని లెక్కలతో వస్తుంది. పైన ఒక ప్రకటన చేరినా తప్పిపోతుంది. అర్థమున్న క్లాస్ పేరు ఒకటి చాలు. క్లాస్ పేర్లు అర్థం లేని అక్షరాల గుంపులా ఉంటే, సైట్ అప్‌డేట్ అయినప్పుడల్లా అవి మారే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ‘డేటా-’ అని మొదలయ్యే అట్రిబ్యూట్లు ఏవైనా ఉన్నాయేమో చూడండి.

5. కాపలా పెట్టడం

ఎన్8ఎన్‌లో ఒక నోడ్ నుంచి ఐటమ్‌లు ఏమీ రాకపోతే తర్వాతి నోడ్లు అసలు నడవవు. అది ఎర్రర్ కాదు, వర్క్‌ఫ్లో మర్యాదగా ముగిసినట్టే లెక్క. సైట్ వాళ్లు ఆ క్లాస్ పేరు మార్చారనుకోండి. కార్డులు సున్నా, స్ప్లిట్ అవుట్ నుంచి ఏమీ రాదు, అక్కడితో ఆగిపోతుంది, పచ్చ గుర్తు పడుతుంది. అందుకే కాపలా స్ప్లిట్ అవుట్ తర్వాత కాదు, దానికి ముందే ఉండాలి. మొదటి హెచ్‌టీఎమ్‌ఎల్ నోడ్ కార్డులు దొరకకపోయినా పేజీకి ఒక ఐటమ్ ఇస్తూనే ఉంటుంది కాబట్టి పట్టుకోవడానికి అదే సరైన చోటు.

ఆ రెండింటి మధ్య ఇఫ్ నోడ్ పెట్టండి. షరతు: కార్డ్స్ జాబితా పొడవు 20 కంటే తక్కువా? మీ అసలు సైట్‌లో సంఖ్య మారుతూ ఉంటే, మామూలుగా వచ్చేదాంట్లో సగం పెట్టండి. సున్నాతో మాత్రం పోల్చకండి. డిజైన్ సగం మారినప్పుడు రెండో మూడో కార్డులు దొరకడం మామూలే, సున్నా కాపలా వాటిని వదిలేస్తుంది. షరతు నిజమైతే ‘స్టాప్ అండ్ ఎర్రర్’ నోడ్‌కి పంపి, ఏ పేజీలో ఎన్ని దొరికాయో సందేశంలో రాయండి. హెచ్‌టీఎమ్‌ఎల్ నోడ్ దాటాక చిరునామా కాలమ్ కనిపించదు, ఎడమ ప్యానెల్‌లో వెనక్కి వెళ్లి పట్టిక నోడ్ నుంచి లాగితే వస్తుంది.

ఒక్క పేజీ పాడైతే మిగతా పేజీలను కూడా ఆపేయాలా అని అడగొచ్చు. ధరల పట్టికలకైతే ఆపేయడమే మేలని నా అభిప్రాయం. సగం పట్టిక చూసి నిర్ణయం తీసుకోవడం కంటే నిన్నటి పూర్తి పట్టిక చూడటం నయం. నోటిఫికేషన్ల వంటివైతే ఆపకుండా, హెచ్చరిక పంపి మిగతావాటితో ముందుకెళ్లండి.

ఇప్పుడు విడిగా ఇంకో వర్క్‌ఫ్లో చేయండి: ఎర్రర్ ట్రిగ్గర్, దానికి టెలిగ్రామ్ నోడ్ (బాట్ ఏర్పాటు 7వ అడుగులో ఉంది). మొదటి వర్క్‌ఫ్లో సెట్టింగ్స్‌లో ‘ఎర్రర్ వర్క్‌ఫ్లో’గా దీన్ని ఎంచుకోండి. చేత్తో నడిపినప్పుడు ఎర్రర్ ట్రిగ్గర్ స్పందించదు, షెడ్యూల్ మీద నడిచినప్పుడే స్పందిస్తుంది. ‘సందేశం రావట్లేదే’ అని గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. పరీక్షించాలంటే సెలెక్టర్‌ని కావాలని తప్పుగా రాసి, షెడ్యూల్ ట్రిగ్గర్ (దాని సంగతి చివర్లో ఉంది) రెండు నిమిషాలకు పెట్టి, వర్క్‌ఫ్లో ఆన్ చేసి చూడండి.

ఇంత చేసినా ఒక దారి మిగిలి ఉంది. కరెంటు పోయి సర్వరే ఆగిపోతే ఎర్రర్ వర్క్‌ఫ్లో కూడా నడవదు. దానికి విరుగుడుగా రోజూ పని ముగిశాక ‘ఇవాళ 60 పుస్తకాలు చూశాను, 3 ధరలు మారాయి’ అని ఒక చిన్న సందేశం పంపించండి. ఆ సందేశం రాని రోజున మీకే అనుమానం వస్తుంది.

6. అంకెలను శుభ్రం చేయడం

ధర ‘£51.77’ అని అక్షరాలుగా వస్తుంది. ఎడిట్ ఫీల్డ్స్ నోడ్‌లో రీప్లేస్ ఫంక్షన్‌తో గుర్తు తీసేసి, టైప్ నంబర్‌గా మార్చండి. లింక్ ముందు సైట్ చిరునామా, క్యాటలాగ్ ఫోల్డర్ పేరు చేర్చి పూర్తి లింక్ చేయండి.

మన సైట్లలో ధరలు ‘₹1,29,900’ అని కామాలతో ఉంటాయి. రూపాయి గుర్తు ఒక్కటే తీసి, కామాలు తీయకుండా జావాస్క్రిప్ట్ పార్స్‌ఫ్లోట్‌కి (అక్షరాలను అంకెగా మార్చే ఫంక్షన్) ఇస్తే మొదటి కామా దగ్గర ఆగి 1 అని ఇస్తుంది. లక్షా ముప్పై వేల ఫోన్ ఒక్క రూపాయికి దిగినట్టు అలర్ట్ వస్తుంది. ముందు కామాలు, రూపాయి గుర్తు, ఖాళీలు తీసేయండి. ఆ తర్వాత ఇంకో ఇఫ్ నోడ్ పెట్టి, ధర ఖాళీగా ఉన్నా, నిన్నటికంటే సగానికి పైగా మారినా షీట్‌లోకి పంపకుండా మీకు చూపించమనండి. అంత మార్పు నిజమే కావచ్చు, కానీ ఒకసారి కంటితో చూడదగ్గదే.

7. దాచడం, కబురు పంపడం

గూగుల్ షీట్స్ నోడ్‌లో ‘అపెండ్ ఆర్ అప్‌డేట్ రో’ ఎంచుకుని, పోల్చే కాలమ్‌గా లింక్ పెట్టండి. పేరు పెట్టకండి, ఒకే పేరుతో రెండు పుస్తకాలు ఉండొచ్చు. సొంత సర్వర్ వాళ్లు గూగుల్ క్లౌడ్‌లో అనుమతులు ఏర్పాటు చేసుకునేటప్పుడు యాప్‌ని ‘టెస్టింగ్’ స్థితిలో వదిలేస్తే, టోకెన్ 7 రోజులకు చెల్లకుండా పోయి మళ్లీ మళ్లీ లాగిన్ అడుగుతుంది. సర్వీస్ అకౌంట్ వాడి, దాని ఈమెయిల్‌తో షీట్ షేర్ చేస్తే ఈ బాధ లేదు.

‘మునుపు చూసినవి వద్దు, కొత్తవే కావాలి’ అనుకుంటే రిమూవ్ డూప్లికేట్స్ నోడ్‌లో గత రన్‌లలో చూసినవాటిని తీసేసే ఆప్షన్ ఉంది. ఉద్యోగ నోటిఫికేషన్లు, టెండర్ల వంటి వాటికి లింక్‌ని గుర్తుగా ఇస్తే సరిపోతుంది. ధరలకు మాత్రం దీన్ని నమ్ముకోకండి. లింక్, ధర కలిపి గుర్తుగా ఇచ్చారనుకుందాం. ధర 500 నుంచి 450కి తగ్గితే అలర్ట్ వస్తుంది. మళ్లీ 500కి పెరిగి, వచ్చే నెల మళ్లీ 450కి తగ్గితే, ‘ఇది ముందే చూశాను’ అని ఊరుకుంటుంది. ధరలను షీట్‌లో ఉన్న చివరి విలువతోనే పోల్చండి.

టెలిగ్రామ్ కోసం బాట్‌ఫాదర్ (టెలిగ్రామ్‌లో బాట్లు తయారుచేసి ఇచ్చే ఖాతా) దగ్గర బాట్ సృష్టించి టోకెన్ తీసుకోండి. బాట్ తనంతట తాను ముందు పలకరించలేదు, మీరు ఒకసారి ‘స్టార్ట్’ నొక్కాలి. సందేశం కింద ఎన్8ఎన్ పేరు రాకూడదంటే నోడ్ ఆప్షన్లలో అట్రిబ్యూషన్ ఆపేయండి. ఒక్కో ధరకి ఒక్కో సందేశం కాకుండా, అగ్రిగేట్ నోడ్‌తో అన్నీ కలిపి ఒకటే పంపితే అందరూ చదువుతారు.

పేజీ సోర్స్‌లో డేటా లేకపోతే

జావాస్క్రిప్ట్ నింపే పేజీ అయితే వెంటనే బ్రౌజర్ నడిపే ఖరీదైన సేవల వైపు పరుగెత్తకండి. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ‘ఫెచ్/ఎక్స్‌హెచ్‌ఆర్’ ఫిల్టర్ పెట్టి పేజీ రీలోడ్ చేయండి. కోట్స్ డాట్ టుస్క్రేప్ డాట్ కామ్‌లో ‘స్క్రోల్’ పేజీ దీనికి మంచి సాధన. కిందికి జరుపుతుంటే పేజీ నంబరుతో ఒక ఏపీఐ రిక్వెస్ట్ వెళ్లడం, జేసన్‌లో కొటేషన్లు రావడం కనిపిస్తుంది. ఇంకా పేజీలున్నాయా లేదా అన్నది కూడా అందులోనే రాసి ఉంటుంది. ఆ రిక్వెస్ట్ మీద రైట్ క్లిక్ చేసి ‘కాపీ యాజ్ కర్ల్’ నొక్కి, ఎన్8ఎన్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్‌లో ‘ఇంపోర్ట్ కర్ల్’ దగ్గర అతికిస్తే చిరునామా, హెడర్లు వాటంతటవే నిండుతాయి. అందులో మీ కుకీలు కూడా వచ్చేస్తాయి, వాటిని తీసేయండి. వాటితో ఎవరైనా మీ ఖాతాలోకి దూరొచ్చు. ఈ దారి దొరికితే హెచ్‌టీఎమ్‌ఎల్ నోడ్లే అక్కర్లేదు.

అదీ కుదరకపోతే అపిఫై, ఫైర్‌క్రాల్, బ్రౌజర్‌లెస్ వంటి సేవలున్నాయి. అవి నిజమైన బ్రౌజర్‌లో పేజీ తెరిచి, నిండిన తర్వాత మీకు ఇస్తాయి. కలపడం ఒకటే తీరు: వాళ్ల దగ్గర ఏపీఐ కీ తీసుకుని, ఎన్8ఎన్ క్రెడెన్షియల్స్‌లో హెడర్ ఆథ్ రకంగా దాచి, హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్‌లో ఎంచుకోండి. పేరు గడిలో ‘ఆథరైజేషన్’, విలువలో ‘బేరర్’, ఒక ఖాళీ, ఆ తర్వాత కీ అని చాలా సేవలు అడుగుతాయి. కీని యూఆర్ఎల్‌లోనో, హెడర్ గడిలోనో నేరుగా రాయకండి. వర్క్‌ఫ్లోని ఫైల్‌గా ఎవరికైనా పంపినప్పుడు అదీ వాళ్ల చేతికి వెళ్తుంది. క్రెడెన్షియల్‌గా దాస్తే ఫైల్‌లో దాని పేరు, ఐడీ మాత్రమే ఉంటాయి.

ఈ సేవలతో రెండు జాగ్రత్తలు. అపిఫైలో పని ముగిసేదాకా ఆగి ఫలితం ఇచ్చే పద్ధతికి 300 సెకన్ల పరిమితి ఉంది. పెద్ద పనులకు ముందు రన్ మొదలుపెట్టి, వెయిట్ నోడ్‌తో ఆగి, స్థితి అడిగి, ముగిశాక ఫలితం తెచ్చుకోండి. రెండోది, ఇలాంటి సేవ మీకు 200 (అంతా సరే) అని జవాబిచ్చినంత మాత్రాన అసలు సైట్ పేజీ ఇచ్చిందని కాదు. అసలు సైట్ 403 ఇస్తే, ఆ తిరస్కార పేజీనే చక్కగా తెచ్చి మీ చేతిలో పెట్టొచ్చు. జవాబు లోపల అసలు సైట్ స్టేటస్ ఉంటే దాన్నీ ఇఫ్ నోడ్‌లో చూడండి. ఐదో అడుగులో పెట్టిన కార్డుల లెక్క ఇక్కడ కూడా అలాగే ఉండాలి.

షెడ్యూల్ పెట్టి వదలడం

మాన్యువల్ ట్రిగ్గర్‌కి తోడు షెడ్యూల్ ట్రిగ్గర్ చేర్చండి. గంట కొట్టినట్టు 6:00కి కాకుండా 6:17 వంటి సమయం పెట్టండి. అందరి యంత్రాలూ సరిగ్గా గంటకే సైట్ల మీద పడతాయి. రోజుకోసారి మారే ధరకు గంటకోసారి వెళ్లనక్కర్లేదు. తర్వాత వర్క్‌ఫ్లోని ఆక్టివ్ చేయండి. కొత్త వెర్షన్లలో పబ్లిష్ బటన్ ఉంటుంది. సేవ్ చేసినంత మాత్రాన షెడ్యూల్ నడవదు. ల్యాప్‌టాప్ మీద నడుపుతుంటే, మూత వేసిన సమయంలో తప్పిపోయిన రన్ తర్వాత దానంతటదే నడవదు. రోజూ తప్పకుండా కావాలంటే చిన్న సర్వర్ మీదకి మార్చండి.

మొదటి వారం ఎగ్జిక్యూషన్స్ ట్యాబ్ రోజుకోసారి తెరిచి, ఒక్కో నోడ్ దగ్గర ఐటమ్‌ల సంఖ్య చూడండి: హెచ్‌టీటీపీ రిక్వెస్ట్, మొదటి హెచ్‌టీఎమ్‌ఎల్, స్ప్లిట్ అవుట్, రెండో హెచ్‌టీఎమ్‌ఎల్ దగ్గర వరుసగా 3, 3, 60, 60. ఒక రోజు ఒక పేజీలో 20 బదులు 18 కార్డులే దొరికి కాపలా ఆపేస్తే, ముందు పిన్ డేటా తీసేసి మొదటి హెచ్‌టీఎమ్‌ఎల్ నోడ్‌ని చేత్తో నడపండి. ఏ పేజీలో తగ్గాయో తెలుస్తుంది. ఆ పేజీని బ్రౌజర్‌లో తెరిచి కార్డులు లెక్కపెట్టండి. బ్రౌజర్‌లో 20 ఉండి నోడ్‌లో 18 ఉంటే సెలెక్టర్ సరిచేయాలి. బ్రౌజర్‌లోనూ 18 ఉంటే ఇఫ్ నోడ్‌లోని హద్దు తగ్గించుకోవాలి.